బొమ్మ దగ్గర మేము, కుర్చీలో వారు

మా సొసైటీ కార్యవర్గంలో పదకొండు మందిమి ఉండేవాళ్లం. మీటింగు మొదలుపెట్టే ముందు హాజరు పిలిచేవారు. డాక్టర్ ఫలానా, డాక్టర్ ఫలానా అంటూ పదిమందీ అయిపోయాక, చివర్లో "సిస్టర్ వచ్చారా?" అనేవారు. పీహెచ్‌డీ నాకూ ఉంది. ఆ పదిమందిలో కొందరికి లేదు కూడా. ఏడేళ్లు సంయుక్త కార్యదర్శిగా పనిచేశాను, ఏడేళ్లూ సిస్టర్‌నే. ఆ పిలుపులో ఆప్యాయత లేదనను. వార్డులో ఒళ్లు కాలిపోతున్న మనిషి "సిస్టరమ్మా" అని పిలిస్తే ఇప్పటికీ నాకు ఇష్టమే. కార్యవర్గం బల్ల దగ్గర అదే మాట, మీరు కూర్చున్న కుర్చీ ఏదో మర్చిపోకండి అని గుర్తుచేస్తున్నట్టుండేది.

ఈ పత్రిక చదివేవాళ్లలో సాహిత్యం, చరిత్ర, సామాజిక శాస్త్రాలు చెప్పేవాళ్లు ఎక్కువ కాబట్టి మా పనేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు ప్రాణమున్న మనిషి మీద చెయ్యి వేయకముందు బొమ్మ మీద నేర్చుకుంటారు. ఊపిరి తీసే బొమ్మ, నాడి కొట్టుకునే బొమ్మ, ప్రసవించే బొమ్మ. దీన్ని సిమ్యులేషన్ అంటున్నాం. తెలుగులో 'అనుకరణ' అంటే నాటకంలా వినిపిస్తుంది, నిజానికి నాటకమే. గదిలో ఒక సంఘటన నడుస్తుంది, బొమ్మ బీపీ పడిపోతుంది, పిల్లలు పరిగెడతారు, ఎవరో ఏడుస్తారు. అయ్యాక అందరూ కుర్చీలు వేసుకుని గుండ్రంగా కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటారు. ఆ మాట్లాడుకోవడాన్ని డీబ్రీఫింగ్ అంటాం. అసలు చదువంతా అక్కడే. బొమ్మ ఒక సాకు.

మన దగ్గర ఇది ఈమధ్యనే ఊపందుకుంది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చి ప్రతి కాలేజీలో స్కిల్ ల్యాబ్ ఉండాలన్నారు. 2021లో బీఎస్సీ నర్సింగ్ సిలబస్ మార్చినప్పుడు అందులోనూ సిమ్యులేషన్ చేరింది. ల్యాబులు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి, వాటితోపాటు సంఘాలూ, సదస్సులూ, శాలువాలూ వచ్చాయి. మా సొసైటీ వాటిల్లో ఒకటి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. పేరు చెబితే ఒక్క సంఘం జబ్బు అయిపోతుంది, అది నాకు ఇష్టం లేదు.

నేను అవుకు పిల్లను. మా ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లా, 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా. బయటివాళ్లకు రిజర్వాయరు తెలుసు, కొండను తొలిచిన గాలేరు నగరి సొరంగాలు తెలుసు. మాకు తెలిసిన అవుకు బండల అవుకు. నాపబండల గనుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లు, ఆ బండలే పరిచిన వాకిళ్లు. మా ఇల్లు మంగలోళ్ల ఇల్లు. నాయన కత్తి పట్టేవాడు, మా జేజి కాన్పులు చేసేది. మంత్రసాని. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని మనిషి వస్తే జేజి కొంగు బిగించి పోయేది. పెద్దిళ్లకు పోతే పెరటి గుమ్మంలోంచే లోపలికి. బిడ్డ భూమ్మీద పడేవరకూ ఆ ఇంట్లో జేజి మాటే చట్టం. "మంచం తియ్యండి, నీళ్లు కాగబెట్టండి, నువ్వు అవతలికి పో" అని రెడ్లనైనా అనేది. బొడ్డు కోసి, మాయ పడి, అంతా శుభ్రం చేసినాక మళ్లీ పెరటి గుమ్మమే. చాటలో బియ్యం, ఒక పాత చీర. పదకొండో నాడు పురుడు పోసుకునే సంబరంలో ఆమె భోజనం విడిగా పెట్టేవారు.

జేజిని గొప్ప చేసి చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆమె చేతుల్లో పోయిన తల్లులూ ఉన్నారు, బిడ్డలూ ఉన్నారు. మంత్రసానుల చేతివాటం మీద ఈమధ్య వస్తున్న తియ్యటి వ్యాసాలు చదివితే నాకు కొంచెం చిరాకు కూడా. నేను చూసిందేమిటంటే, పని జరుగుతున్నంతసేపూ నాయకత్వం ఆమెది, పని అయ్యాక గౌరవం ఇంకెవరిదో. ఈ ఏర్పాటును మళ్లీ చూడటానికి నేను ఏసీ హాలు దాకా పోవాల్సివచ్చింది.

కర్నూల్లో జీఎన్ఎం చదివి, తర్వాత బీఎస్సీ, ఎమ్మెస్సీ అన్నీ మెట్టు మెట్టుగా ఎక్కాను. నంద్యాల ప్రాంతంలోనే నర్సింగ్ కాలేజీలో చెబుతున్నాను. మా ల్యాబుకు మొదట్లో బొమ్మ లేదు. పాత నైలెక్స్ చీర, స్పాంజి, దర్జీ దగ్గర తెచ్చిన గుడ్డముక్కలు, సెలైన్ సంచి, అందులో కుంకుమ కలిపిన నీళ్లు. వీటితో ఒక ప్రసవ నమూనా కుట్టాం. కాన్పు తర్వాత రక్తస్రావం పాఠం దానిమీదే. నేల మీద రంగునీళ్లు ఎంత పోశామో కొలిచి, ఆ చీరకు ఎంత పట్టిందో పిల్లల్ని అంచనా కట్టమనేదాన్ని. ప్రతి బ్యాచీ తక్కువే చెప్పేది. అన్నేళ్లలో ఎక్కువ చెప్పిన బ్యాచీ ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. కంటితో చూసి చెప్పే అంచనా నమ్మరానిదని పరిశోధనలూ ఎప్పటినుంచో చెబుతున్నాయి. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగిన ఈ-మోటివ్ అధ్యయనంలో, గీతలు గీసిన ఒక ప్లాస్టిక్ గుడ్డను తల్లికింద పరిచి రక్తాన్ని కొలిచి, చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్రమైన పరిణామాలు 60 శాతం తగ్గాయి. చాలాకాలం పాఠ్యపుస్తకాలు 500 మిల్లీలీటర్ల దగ్గర గీత గీశాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 300 దాటి నాడిలోనో బీపీలోనో తేడా ఉంటే అప్పుడే కదలమంది. అవుకు నుంచి బనగానపల్లె, అక్కణ్ణుంచి నంద్యాల, ఇంకా కాకపోతే కర్నూలు. ఆ దారిలో 108 బండిలో కూర్చున్నవాళ్లకు ఆ 200 మిల్లీలీటర్ల తేడా అంటే ఏమిటో తెలుసు.

ఆ గుడ్డబొమ్మతోనే నేను మొదటిసారి సదస్సుకు పోయాను. అందరూ మెచ్చుకున్నారు. 'లో కాస్ట్ ఇన్నొవేషన్' అని ఒక బహుమతి కూడా ఇచ్చారు. ఆ మరుసటి ఏడే సంయుక్త కార్యదర్శిని చేశారు. హోటల్ గదులు బుక్ చేయడం, సర్టిఫికెట్లు అచ్చువేయించడం, బొమ్మలు లారీలో ఎక్కించి దింపించడం, ముప్పై స్టేషన్లలో ముప్పైమందిని నిలబెట్టడం. ఇవన్నీ నాకు వచ్చు. కీలకోపన్యాసం మాత్రం ఎప్పుడూ వేరెవరో.

ఆ కీలకోపన్యాసాల్లో సిమ్యులేషన్ చరిత్ర అని ఒక స్లైడు తప్పకుండా ఉంటుంది. మొదటి బొమ్మ విమానానిది. 1929లో ఎడ్విన్ లింక్ పైలట్ల కోసం కట్టిన శిక్షణ యంత్రం. తర్వాత నార్వేలో బొమ్మల వ్యాపారి ఆస్మండ్ లేర్డాల్ 1960లో తయారుచేసిన రెసస్సి ఆన్. ఆ తర్వాత కంప్యూటర్‌తో నడిచే సిమ్‌వన్, గుండెచప్పుళ్లు వినిపించే హార్వీ. విమానం, వ్యాపారి, ఇంజనీరు, డాక్టరు. ఈ స్లైడును ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకసారి నా సెషన్‌లో దీనికి ముందు ఇంకో రెండు బొమ్మలు పెట్టాను.

మొదటిది పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సుది. మదామ్ దు కుద్రే అనే మంత్రసాని, గుడ్డతో, తోలుతో, లోపల ఎముకలతో ఒక కటి నమూనా కుట్టింది. దానికో శిశువు బొమ్మ, బొడ్డుతాడు, మాయ. ఆమె దాన్ని 'యంత్రం' అనే పిలిచింది. 1759లో పదిహేనో లూయీ రాజు ఆమెకు దేశమంతా తిరిగి కాన్పులు నేర్పమని అధికారపత్రం ఇచ్చాడు. దాదాపు పాతికేళ్లు ఊరూరా తిరిగి వేలమంది పల్లె ఆడవాళ్లకు నేర్పింది. చదువు రానివాళ్లు చేతితో తడిమి నేర్చుకునేలా చేసిన బొమ్మ అది. వాటిలో ఒకటి ఇప్పటికీ రువాన్ నగరంలో మ్యూజియంలో ఉంది. రెండోది అమెరికాది. హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల శిక్షణాలయం సూపరింటెండెంటు అడిగితే, పిల్లల బొమ్మలు కుట్టే మార్తా చేజ్ 1911లో నిలువెత్తు బొమ్మ చేసి పంపింది. నర్సులు దానికి 'మిసెస్ చేజ్' అని పేరు పెట్టుకున్నారు. పక్క వేయడం, తిప్పి పడుకోబెట్టడం, తర్వాత తర్వాత సూదిమందులు, అన్నీ ఆమె మీదే నేర్చుకున్నారు. లేర్డాల్ బొమ్మకు అప్పటికింకా యాభై ఏళ్లుంది.

చరిత్రను విమానంతో మొదలుపెడితే ఈ విద్యకు వారసులు ఎవరవుతారు? గుడ్డబొమ్మతో మొదలుపెడితే ఎవరవుతారు? నేను అడిగింది ఇంతే. ఒక పెద్దాయన నవ్వి, "సిస్టర్ మంచి లోకల్ కలర్ ఇచ్చారు" అన్నారు. ఫ్రాన్సు మాకు ఎప్పటినుంచి లోకలయిందో!

రెసస్సి ఆన్ ముఖం గురించి కూడా చెప్పాలి. పారిస్‌లో సీన్ నదిలో శవంగా దొరికిందని చెప్పుకునే ఒక అనామక యువతి ముఖపు అచ్చు అది. పేరు లేని, మాటలేని ఆ ముఖం మీద వంగి లోకమంతా ఊపిరి ఊదడం నేర్చుకుంది. ముఖం ఆడమనిషిది, కానీ ఛాతీ చదును. ఇప్పటికీ అంతే. 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు మార్కెట్లో ఉన్న 20 రకాల పెద్దల సీపీఆర్ బొమ్మల్ని పరిశీలిస్తే ఒక్కదానికే రొమ్ములున్నాయి. దీనికీ దానికీ నేరుగా ముడిపెట్టలేం గానీ, 2017లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రకారం బహిరంగ స్థలాల్లో గుండె ఆగి పడిపోయిన మగవాళ్లలో 45 శాతానికి దారినపోయేవాళ్లు ఛాతీ నొక్కి సాయం చేశారు, ఆడవాళ్లలో 39 శాతానికే. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, వెయ్యొచ్చో లేదో అన్న సంకోచం. మన బజార్లలో ఆ సంకోచం ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు.

"అధ్యక్షుడు ఎవరైతే ఏముందండీ, పని జరగాలి గానీ" అనే మాట మా రంగంలో తరచు వినిపిస్తుంది. ఎక్కువగా అధ్యక్షులే అంటారు. అధ్యక్షుడు ఎవరన్నదాన్ని బట్టి ఏ బొమ్మ కొనమని కాలేజీలకు సిఫారసు పోతుందో తేలుతుంది. తెల్లతోలు బొమ్మ మీద నీలిపెదవులు గుర్తుపట్టడం నేర్చుకున్న పిల్లకు, మా బండల గనిలో పనిచేసే నల్లటి ఆడమనిషి పాలిపోయిందో లేదో కనురెప్ప కిందా నాలుక మీదా వెతకాలని ఎవరు చెప్పాలి? కథనాలు ఏ భాషలో రాయాలో అదీ అక్కడే తేలుతుంది. మా బొమ్మకు గొంతు ఉంది, స్పీకరుంది, కానీ మొదట్లో అది ఇంగ్లీషే మాట్లాడేది. కోయిలకుంట్ల నుంచో ఆళ్లగడ్డ నుంచో వచ్చిన పిల్ల ఆ బొమ్మ ముందు బిక్కచచ్చిపోయేది. జబ్బు తెలియక కాదు, జబ్బు ఆ భాషలో వినబడటం వల్ల. రేపు ఆమె దగ్గరకొచ్చే మనిషి "ఎదలో పట్టేసినట్టుండాది", "కండ్లు బైర్లు గమ్ముతాండాయి", "నడుములో నించి ఏందో జారిపోతాండాది" అంటుంది. ఆ మాటల్లోంచి గుండెపోటునీ, రక్తస్రావాన్నీ వెతుక్కోవడం ఒక నైపుణ్యం. ఒళ్లు గురించి తెలుగులో మాట్లాడటం ఎంత కష్టమో, ఎంత అవసరమో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం చదివి పెరిగినవాళ్లకు తెలుసు. నేను కథనాలన్నీ మా యాసలో తిరగరాశాను. బొమ్మ గొంతు నేనే, పక్కగదిలోంచి మైకులో. వాటిని సొసైటీ పుస్తకంగా వేద్దామంటే, 'ప్రామాణికత లేదు' అన్నారు.

ఈ రంగం ప్రపంచానికి నేర్పిన గొప్ప విషయం యంత్రం కాదు, నోరు విప్పడం. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రొమిలీ అనే ఆమె చిన్న ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరింది. మత్తిచ్చాక ఊపిరిదారి మూసుకుపోయింది. అనుభవజ్ఞులైన డాక్టర్లు గొట్టం వేయడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారు. నర్సులు గొంతుకు రంధ్రం చేసే పరికరాలు తెచ్చి అక్కడ పెట్టారు, ఐసీయూలో మంచం సిద్ధం చేయించారు. ఏం చేయాలో వాళ్లకు తెలుసు. గట్టిగా చెప్పే దారి వాళ్లకు దొరకలేదు, చెప్పినంత మటుకు ఎవరూ వినలేదు. ఆమె బతకలేదు. ఆమె భర్త మార్టిన్ బ్రొమిలీ విమానం పైలట్. విచారణలో ఆయన శిక్షలకన్నా పాఠం కావాలన్నాడు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో సిమ్యులేషన్ తరగతుల్లో ఆ కథ చెబుతారు. మా సొసైటీ వర్క్‌షాపులోనూ చెబుతాం. చెప్పేదాన్ని నేనే.

తర్వాత పిల్లలతో అభ్యాసం చేయిస్తాను. సర్జన్ పాత్రలో ఒకరు తప్పు చేస్తుంటారు. నర్సు పాత్రలో ఉన్న పిల్ల మూడు మెట్లలో చెప్పాలి. నాకు కంగారుగా ఉంది. నాకిది సరిగా అనిపించడం లేదు. ఇది ప్రాణం మీదికొస్తుంది, ఆపండి. ఇంగ్లీషులో రాసిన ఈ మెట్లు తెలుగులో దిగేసరికి తడబడతాయి. 'ఆపు' అనలేం, 'ఆపండి' అంటే బతిమాలినట్టుంటుంది, 'సార్, ఒక్క నిమిషం సార్, ఏమనుకోకండి సార్' దగ్గరకొచ్చేసరికి బొమ్మ చచ్చిపోతుంది. ఒక పిల్ల మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి "సార్, చెయ్యి తియ్యండి" అని అరిచింది. గదంతా నిశ్శబ్దం. ఆ తర్వాత చప్పట్లు. ఆ పిల్ల అరచేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇది నేర్పేవాళ్ల సంఘంలో అధ్యక్ష ఎన్నిక వచ్చింది. నేను నామినేషన్ వేస్తానన్నాను. నిబంధనావళి తీసి చూపించారు. అధ్యక్ష పదవికి వైద్యశాస్త్రంలో పీజీ ఉండాలి. నర్సింగ్ వైద్యశాస్త్రం కిందికి రాదు. ఆ నిబంధనావళిని సొసైటీ పెట్టిన కొత్తలో కంప్యూటర్‌లో టైపు చేసింది నేనే అన్నది వేరే ముచ్చట. అప్పుడది నా చూపులో పడకపోలేదు. అప్పటికి మేమిద్దరమే నర్సులం, అడిగితే ఆ ఇద్దరం కూడా ఉండేవాళ్లం కాదు.

ప్రపంచం మొత్తం ఇలాగే ఉందా అంటే లేదు. అమెరికాలో 2004లో మొదలైన పెద్ద సంఘం పేరు మొదట్లో 'సొసైటీ ఫర్ మెడికల్ సిమ్యులేషన్'. రెండేళ్లకే 'మెడికల్' తీసేసి 'సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్' అని మార్చుకున్నారు. డాక్టర్లొక్కరే కాదు, నర్సులు, థెరపిస్టులు, ఇంజనీర్లు, టెక్నీషియన్లు అందరిదీ అని. నర్సింగ్ ప్రొఫెసర్లు పామెలా జెఫ్రీస్, కేటీ వాక్స్‌మన్ ఆ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఇవాళ లోకమంతా పాటించే సిమ్యులేషన్ ప్రమాణాలు కొన్ని రాసింది నర్సుల సంఘమే, ఐనాక్సల్. 2018లో వచ్చిన సిమ్యులేషన్ నీతినియమావళిలో పారదర్శకత, పరస్పర గౌరవం అని రెండు మాటలున్నాయి. మా సొసైటీ దాన్ని ఫ్రేము కట్టించి పెట్టింది. మేకు కొట్టించింది కూడా నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

సర్వసభ్య సమావేశంలో రెండు సవరణలు పెట్టాను. ఒకటి, అధ్యక్ష పదవికి ఆ అర్హత నిబంధన తీసేయాలని. రెండు, ఏఎన్ఎంలకూ, ల్యాబుల్లో బొమ్మల్ని నడిపే టెక్నీషియన్లకూ ఓటుహక్కుతో పూర్తి సభ్యత్వం ఇవ్వాలని. వాళ్లకు అప్పటివరకు 'అనుబంధ సభ్యత్వం'. అంటే చందా పూర్తి, ఓటు సున్న.

మొదటిదాన్ని గట్టిగా వ్యతిరేకించింది ఒక స్త్రీ. ప్రసూతి వైద్యురాలు. నాకు చాలా ఇష్టమైన మనిషి, మంచి టీచరు. "ఆడవాళ్లం డాక్టర్లుగా లెక్కలోకి రావడానికే మాకు జీవితం సరిపోయింది. ఇప్పుడు ఆ డిగ్రీకి విలువే లేదంటే, మేం ఎక్కిన మెట్టు మీరు తీసేస్తున్నట్టే" అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె తరంలో ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌గా నిలబడినా బంధువులు వచ్చి "డాక్టర్ ఎక్కడ సిస్టర్?" అని ఆమెనే అడిగేవారు. ఆమెను బాధపెట్టిన ఆ పిలుపే నా పేరు. ఆమె తప్పించుకోవాలనుకున్న చోటే నేనున్నాను. ఈ విషయం మేమిద్దరం మా స్త్రీల మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. స్త్రీలు అనగానే ఒక్కటే అనుకుని ముందుకు పోయాం. డాక్టరు, నర్సు, ఏఎన్ఎం, ఆయా అనే నిచ్చెనలో స్త్రీలు ప్రతి మెట్టు మీదా ఉన్నారు. ఎక్కువమంది కింది మెట్ల మీద ఉన్నారు. ఏ కులాలవాళ్లు ఏ మెట్టు మీద ఎక్కువో కూడా అందరికీ తెలుసు, రికార్డుల్లో మాత్రం ఉండదు.

ఓట్లు లెక్కపెట్టారు. మొదటి సవరణకు సగానికి పైనే వచ్చాయి, కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. రెండోది చిత్తుగా ఓడిపోయింది. నన్ను పట్టుకున్నది ఈ రెండోదే. చేతులెత్తే పద్ధతి కాబట్టి ఎవరెటో కనబడింది. మొదటిదానికి నాతో నిలబడిన నర్సింగ్ లెక్చరర్లు చాలామంది రెండోదానికి చేతులు దించుకుని కూర్చున్నారు. టీ దగ్గర ఒకామె నెమ్మదిగా, "అక్కా, వాళ్లకూ మనకూ తేడా లేకుండా పోతే మనం ఇంత చదివి ఏం లాభం?" అంది. ఇందాక ఆ వైద్యురాలు మైకులో చెప్పిన వాక్యమే ఇది, ఒక మెట్టు కింద.

తర్వాత వారంలో కొత్త అధ్యక్షులు ఫోన్ చేశారు. నర్సింగ్ విభాగం ఒకటి ప్రత్యేకంగా పెడుతున్నాం, దానికి మీరే చైర్‌పర్సన్ అన్నారు. లెటర్‌హెడ్డు, సదస్సులో ఒక పూట, స్త్రీల వందన సభ. వద్దన్నాను. పెరటి గుమ్మానికి రంగులేసినా పెరటి గుమ్మమే గదా. కొంతమంది మిత్రులు కోప్పడ్డారు. లోపలుండి మార్చాలి గానీ బయటుండి ఏం చేస్తావన్నారు. నేను బయటికి పోలేదు. సభ్యత్వం ఉంది, ఓటుంది, సంయుక్త కార్యదర్శి పని మాత్రం మానేశాను. ఆ ఏడు సదస్సులో బొమ్మలు మధ్యాహ్నం దాకా లారీలోనే ఉన్నాయని విన్నాను. దానికి సంతోషించానని రాస్తే సంస్కారం కాదేమో, కానీ సంతోషించాను.

నాయకత్వం గురించి మేనేజ్‌మెంటు పుస్తకాలు చెప్పేది నాకు పెద్దగా ఎక్కదు. మా పనిలోనే దానికి మెరుగైన నమూనా ఉంది. జెన్నీ రుడాల్ఫ్, ఆమె సహచరులు 2006లో డీబ్రీఫింగ్ మీద ఒక వ్యాసం రాశారు. తీర్పు లేకుండా మాట్లాడటం అనేది ఉండదు, ఉన్నట్టు నటించడం మోసం అన్నది వాళ్ల వాదన. కాబట్టి నీ తీర్పును దాచకు, దాన్ని మొట్టికాయలా కూడా వాడకు. చూసింది చెప్పు, అనిపించింది చెప్పు, ఆ తర్వాత అవతలి మనిషి మనసులో ఏం నడిచిందో నిజంగా తెలుసుకోవడానికి అడుగు. దీన్ని మా పిల్లల కోసం మూడు వాక్యాలు చేశాను. "నేను చూసింది ఇది. నాకు అనిపించింది ఇది. నీ మనసులో ఏముండె?" ఈ మూడో వాక్యం అడగగలిగినవాళ్లే ఆ వలయంలో నాయకులు. దానికి డిగ్రీ అక్కర్లేదు, అభ్యాసం కావాలి. ఎన్నో ఏళ్లుగా బొమ్మ దగ్గర నిలబడిన ఆడవాళ్లకు ఆ అభ్యాసం ఉంది. సంఘాలు దాన్ని అర్హతగా లెక్కవేయడం లేదు.

సవరణలు మళ్లీ పెడుతున్నాను. ఈసారి రెండింటినీ కలిపి ఒక్కటే తీర్మానం. రెండోది కాదన్నవాళ్లకు మొదటిదీ దక్కదు. వ్యూహంగా ఇది తెలివైనది కాదని లెక్కలు తెలిసినవాళ్లు చెబుతున్నారు.

పోయిన నెల అవుకులో ఏఎన్ఎంలకు రక్తస్రావం మీద ఒక పూట అభ్యాసం పెట్టాం. ఆ కుట్టిన బొమ్మే, సంచి మాత్రం మార్చాం. చుట్టుపక్కల సచివాలయాల ఏఎన్ఎంలు తొమ్మిదిమంది, కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్ ఒకబ్బాయి. అతనే తనంతట తాను వస్తానన్నాడు. కథనంలో బొమ్మకు రక్తం పోతుంటే అతను సిరల్లో సూది కోసం చెయ్యి వెతుకుతూ ఉండిపోయాడు, గర్భాశయం రుద్దమని ఎవరికీ చెప్పలేదు. అయ్యాక కుర్చీలు గుండ్రంగా వేశాం. డీబ్రీఫింగ్ నడపమని నేను పెద్ద ఏఎన్ఎంను అడిగాను. ఆమెకు యాభై దాటాయి. కొంగు సర్దుకుంది, ఒకసారి నా వైపు చూసింది.

"సార్, మీరు నాలుగు నిమిషాలు సూది కాడనే ఉండిరి. నేను గడియారం చూస్తాంటి. కడుపు మీద చెయ్యి ఎవరూ పెట్టలేదు. నాకు బయమేసింది సార్." ఆగింది. "మీ మనసులో ఏముండె?"

అతను కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత, "సూది దొరక్కపోతే మీరంతా నన్ను చూసి నవ్వుతారనుకున్నానమ్మా" అన్నాడు.

"యాల నవ్వుతాం సార్" అంది ఆమె. "చెప్పుంటే నేను రుద్దుదును గదా. రాండి, మల్లీ చేద్దాం."